వేలి మీద జిగురు

పొద్దున నిద్ర లేచేసరికి సాలమ్మ ఎడమచేతి బొటనవేలికి నీలిసిరా అంటుకుని ఉంది.

ఆమె కేక పెట్టింది. చదువు రాని మనిషికి ఆ వేలే సంతకం.

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ రోడ్డు పక్కన ఆమెకు చెల్క ఉంది, వానకు పండే మెట్ట నేల. హైటెక్ సిటీ లేచినప్పటి నుంచి ఆ రోడ్డు మీద ఆగిన ప్రతి కారూ ఆ చెల్కనే అడిగేది.

"మా ముసలాయన సమాధి అండ్లనే ఉన్నది. అమ్మేది లేదు" అని అందరినీ పంపేసేది.

పక్కింట్లో ఉండే మరిది కొడుకు బాల్‌రాజ్ పరుగున వచ్చాడు. ఆమె వేలు పట్టి గీకాడు. సిరాతో పాటు పల్చటి పొర ఊడివచ్చింది.

"జిగురు! పెద్దమ్మా, ఈ ఇంట్ల సిరా, జిగురు ఎవరికాడ ఉంటయి?"

ఇద్దరూ స్వప్నిక వైపు చూశారు. గోడవారగా ఆమె డ్రాయింగ్ షీట్లు, జిగురు డబ్బా.

స్వప్నిక మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతోంది. హాస్టల్‌కు స్తోమత లేని పిల్లలను ఒంటరి ముసలివాళ్ల ఇళ్లలో కుదిర్చే ప్రేమదాసు సార్ ఆమెను ఇక్కడ చేర్చాడు. కిరాయి లేదు. బదులుగా వంట, నీళ్లు, తోడు.

"రోజూ పండుకునే ముంగట నా వేలికి మందు రాస్తున్ననంటివి. జిగురా అది?" అడిగింది సాలమ్మ.

స్వప్నిక తల దించుకుంది. "జిగురే, అవ్వా. నిజం చెప్తే నమ్మవని..."

"చూసినవా, ఒప్పుకున్నది!" ఎగిరిపడ్డాడు బాల్‌రాజ్. "చెల్క కొననీకి ఏ పార్టీ పంపింది నిన్ను, ఇంజినీరమ్మా?"

"అవ్వా, మోకాళ్ల నొప్పికని ఈయన ఇచ్చే గోలీలు ఏస్కోకు. అవి ఏస్కుంటే నీకు సోయి ఉంటలేదు."

"మల్ల అదే మాట!"

సాలమ్మ చేతి దెబ్బకు స్వప్నిక చెంప ఛెళ్లుమంది.

"నా ఇంట్ల ఉండుకుంట నా కొడుకునే అంటవా? నడువు బయటికి!"

స్వప్నిక బ్యాగు సర్దుకుంది. గడప దగ్గర ఆగింది.

"దొడ్డి తలుపుకు గొళ్లెం పెట్టుకో, అవ్వా."

"నువ్వు పోతున్నవుగ. ఇగ గొళ్లెమెందుకు?"

షేర్ ఆటో ఆమెను ఎక్కించుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం బాల్‌రాజ్ గోలీలు తెచ్చాడు. "పరేషాన్ అయినవ్, పెద్దమ్మా. ఫికర్ చేయకుండ పండుకో."

తెల్లారి సాలమ్మ ముందుగా వేలు చూసుకుంది. శుభ్రంగా ఉంది.

"పీడ పోయింది" అనుకుంది.

వారం తిరక్కుండానే చెల్కలో జేసీబీ దిగింది. మొదట లేచింది ముసలాయన సమాధే.

సాలమ్మ కర్ర ఊతంతో అక్కడికి చేరింది. బాల్‌రాజ్ కొత్త కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"బాల్‌రాజూ, ఆ పోరియే చెల్క అమ్ముకున్నదిరా! పోలీసులను పిలువు!"

అతను తాళంచెవి వేలికి తిప్పుతూ నవ్వాడు.

"ఆ పిల్లనెందుకు తిడతవ్, పెద్దమ్మా? అది ఉన్నన్ని దినాలు ఎన్నిసార్లు ఒత్తినా అమ్మకం కాయితం మీద నీ వేలి మరక పడ్డది గని ముద్ర పడలే. వేలి గీతలన్నిటినీ జిగురుతోని మూసి పెట్టింది. ఆ రాత్రి అది నిద్రల నుంచి లేస్తే, నీ వేలు తుడవకుండనే ఉరికిన. అందుకే నీతోనే ఎల్లగొట్టిచ్చిన. మల్ల రాత్రి ఒక్కసారే ఒత్తిన... గీతకు గీత మంచిగ పడ్డది."