పొదుపు పేగు

టైలరు మళ్లీ బరువు పెరిగాడు.

ప్రొఫెసర్ గారు తూకం యంత్రాన్ని తన్నినంత పని చేశారు. టైలర్ని దిగమన్నారు, మళ్లీ ఎక్కమన్నారు. కాళ్లకి చెప్పులు లేవు. జేబులో కత్తెర లేదు. అయినా నిన్నటి కంటే రెండు వందల గ్రాములు ఎక్కువ.

పోషకాహార పరిశోధన కేంద్రంలో మూడు వారాలుగా ఇదే తంతు. టైలరుకి రోజుకి వెయ్యి కేలరీలకి మించకుండా పెడుతున్నారు. ఉడికించిన సొరకాయ, నాలుగు చెంచాల ఓట్స్ జావ, గీత వరకూ కొలిచి పోసిన పల్చటి మజ్జిగ. ఇలా తింటే ఎంతటి బొజ్జయినా నెలలో నాలుగు కిలోలు తగ్గి తీరుతుందని ప్రొఫెసర్ గారు పుస్తకం రాశారు. అది పది ముద్రణలు పోయింది. పదకొండో ముద్రణకి అట్ట మీద టైలరు ఫొటోలు రెండు వేయాలి. ఒకటి 'ముందు', ఒకటి 'తర్వాత'. తీరా చూస్తే 'ముందు' ఫొటోనే నాజూగ్గా ఉంది.

పైగా పది రోజుల్లో సదస్సు. దేశదేశాల డాక్టర్లు వస్తున్నారు. ప్రొఫెసర్ గారి ముప్పై ఏళ్ల పరువు ఒక టైలరు పొట్టకి వేలాడుతోంది.

"నిజం చెప్పవయ్యా. బయటి తిండి ఏమైనా తింటున్నావా?"

"అయ్యయ్యో! మీరు పంపిందే తింటున్నానండీ. ఒక్క మెతుకు వదిలితే ఒట్టు."

"చప్పగా ఉందని ఎవరి చేతైనా ఏమైనా తెప్పించుకుంటున్నావేమో..."

"చప్పనా? ఇంత కమ్మటి వంట నేను పుట్టి బుద్ధెరిగి తినలేదు సార్. మా ఆవిడ వింటే చంపేస్తుంది గానీ, నిజం!"

సొరకాయ కమ్మగా ఉందన్న మనిషిని ప్రొఫెసర్ గారు మొదటిసారి చూశారు. నాలుక పథ్యానికి అలవాటు పడిందని నోట్సులో రాసుకున్నారు.

అనుమానం మాత్రం తీరలేదు. వార్డు గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని కూర్చోబెట్టారు. పరుపు తిరగేయించారు, దిండు గలీబు విప్పించారు. దొరికిందల్లా ఒక సూది, రెండు గుండీలు.

"ఆ గడ్డి తిని మనిషనేవాడు బతుకుతాడా సార్?" అని గిన్నెలు తీస్తున్న ఆయమ్మ గొణిగింది.

"బతకడమేంటి, బలుస్తున్నాడు!" అని ప్రొఫెసర్ గారు గయ్యిమన్నారు.

మధ్యాహ్నం ఇంటి నుంచి డ్రైవరు క్యారియర్ తెచ్చాడు. నాలుగు గిన్నెలు, పిడికి చుట్టిన ఎర్రగుడ్డ. ప్రొఫెసర్ గారు మూతైనా తీయకుండా ఎప్పటిలాగే దాన్ని ఆయమ్మ చేతిలో పెట్టేశారు. పగటిపూట ఆయన తినేది రెండు కీరా ముక్కలు. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు, భార్యకి తప్ప. వెయ్యి మంది డాక్టర్ల ముందు గంటలు గంటలు మాట్లాడే మనిషికి, వండొద్దని ఆవిడతో చెప్పడానికి ముప్పై ఏళ్లుగా నోరు పెగల్లేదు. సాయంత్రం తళతళలాడే ఖాళీ గిన్నెలు చూసి ఆవిడ మురిసిపోయేవారు. ఆయన మెల్లగా గదిలోకి జారుకునేవారు.

ఆ రోజు కీరా ముక్క నములుతూ బరువుల పట్టిక ముందేసుకున్నారు. ఉన్నట్టుండి నమలడం ఆపేశారు. టైలరు సోమవారం నుంచి శనివారం దాకా పెరుగుతున్నాడు. ఆదివారం మాత్రం ఒక్క గ్రాము పెరగడం లేదు. ఆదివారం కేంద్రానికి సెలవు. ప్రొఫెసర్ గారు కూడా ఆ రోజు రారు.

టైలర్ని పిలిపించారు.

"ఆదివారం నీకెలా ఉంటుంది?"

"నీరసం సార్. కడుపు మాడిపోతుంది. సోమవారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను."

ప్రొఫెసర్ గారికి ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లూ ఎవరికీ తట్టని సత్యం! మనిషి చిన్నపేగు ఇరవై అడుగులుంటుంది. దాని లోపలి గోడల మీద సన్నటి చూషకాలు లక్షల్లో ఉండి ఆహారంలోని సారాన్ని లాక్కుంటాయి. పీచును మాత్రం ఎవరి పేగైనా వదిలేస్తుంది. ఈ టైలరు పేగు దాన్ని కూడా వదలడం లేదు, పిండి మరీ సారం తీస్తోంది! పేలికల్లోంచి ఇంకో చొక్కా తీసే టైలరు బుద్ధి పేగుకి కూడా పట్టినట్టుంది. ఆరు రోజులు ఒళ్లు విరుచుకుని పనిచేసి ఏడో రోజు సెలవు తీసుకుంటోంది.

ఆ సిద్ధాంతానికి 'పొదుపు పేగు' అని పేరు పెట్టారు. దాని ముందు తన ఇంటిపేరు కూడా తగిలించారు.

సదస్సు రోజు హాలు కిక్కిరిసిపోయింది. గంటన్నర ఉపన్యాసానికి చప్పట్లు ఆగలేదు. అధ్యక్షుడైతే లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. ముందు వరుసలో ప్రొఫెసర్ గారి భార్య కళ్లొత్తుకుంటున్నారు. డ్రైవరు సెలవు పెట్టాడు. సభ ఆలస్యమైతే ఆయన ఆకలికి తట్టుకోలేరని భోజనం ఆవిడే పట్టుకొచ్చారు.

చివరికి టైలర్ని వేదిక మీదికి పిలిచారు. అతను నడుం దగ్గర రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసుకున్న ప్యాంటులో, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ వచ్చాడు. "ఈ ఆహారం గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అంటూ అధ్యక్షుడు మైకు చేతికిచ్చాడు.

టైలరు గొంతు సవరించుకున్నాడు. ప్రొఫెసర్ గారికి నమస్కారం పెట్టాడు. ముందు వరుస వైపు తిరిగాడు. అతని కళ్లు ఎర్రగుడ్డ చుట్టిన పిడి మీద పడ్డాయి. మొహం చాటంత అయింది.

"అయ్యో అమ్మగారూ, రోజూ ఆయమ్మ తెచ్చిపెట్టే నా క్యారియర్ ఇవాళ మీరు మోసుకొచ్చారేంటండీ?"