అడుగున రాసిన కాలేజీ

గొర్రెలు మేసిపోయిన చేను చూసి మంజుశ్రీ ఏడవలేదు. తెల్లారీ తెల్లారకముందే నేరుగా నారాయణప్ప మంద దగ్గరికి పోయింది.

అది అరెకరం చేను. వల్లూరులో ఆమె తండ్రి అంజినప్పకు ఉన్న భూమిలో మిగిలింది అంతే. తక్కిందంతా సోలార్ పలకల కిందికి పోయింది. ఆ అరెకరంలో తండ్రీకూతుళ్లు బోరు నీళ్లతో శెనక్కాయ వేశారు. ఊళ్లో కంచెకైనా పొయ్యికైనా జాలికంపే, అంటే సర్కారు తుమ్మే. దాని ముల్లు నిటారుగా ఉంటుంది. అంజినప్పకు మాత్రం రేగుకంప మీదే గురి. రేగుముల్లు వంకర, పట్టుకుంటే వదలదు. మంగళవాడ వైపు గుట్టలోంచి మోసుకొచ్చి మరీ చేను చుట్టూ పేర్చాడు.

నిజం చెప్పాలంటే ఆ చేను వేసింది కాయల కోసం కాదు, సీటు కోసం. వ్యవసాయ డిగ్రీలో రైతు బిడ్డలకు కోటా ఉంది. ఇంట్లో సేద్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. పలకల కింద సేద్యం చేస్తున్నామంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఊరి భూముల లెక్కలు చూసే విలేజ్ అకౌంటెంట్ ఈ రోజు వచ్చి పచ్చటి చేను కళ్లారా చూసుకుంటానన్నాడు. సర్టిఫికెట్‌కు రేపే ఆఖరు.

హొసకోట కాలేజీలో రంగనాథ సారు మంజుశ్రీని కూర్చోబెట్టి కాలేజీల వరస రాయించాడు. ఆశపడేవి పైన, అందేవి మధ్యన, ఇష్టం లేకపోయినా ఖాయంగా దొరికేది ఒకటి అడుగున. ఆమె పైన మూడు వ్యవసాయ కాలేజీలు రాసింది. మధ్యన రాయడానికి ఏమీ తోచలేదు. అడుగున మాత్రం, అమ్మ పోరు పడలేక, తుమకూరులో నర్సింగ్ కాలేజీ రాసింది. కోటా లేకుంటే నీ ర్యాంకుకు పై మూడూ రావమ్మా, మనసులో పెట్టుకో అని సారు ముందే చెప్పాడు. ఆమె పెట్టుకోలేదు. చేను ఉంది కదా అనుకుంది.

అమ్మ ఓబక్కది వేరే లెక్క. మోకాళ్లు అరిగిపోయాక ఇంక ఆ మట్టి తొక్కనని ఒట్టు పెట్టుకుంది. మూడేళ్లుగా చేని మొహం చూడలేదు. అయినా ఆ కోటా కోసం పెట్టే ప్రాక్టికల్ పరీక్షకు కూతురికి గింజలు గుర్తుపట్టడం నేర్పింది ఆమే. చేటలో కలగలిపి పోసి, కళ్లు మూయించి, వేళ్లతో తడిమి పేర్లు చెప్పమనేది. "నర్సయితే ఫ్యాను కింద పని మంజూ. నేలను నమ్మినందుకు నాకేమొచ్చినాది, ఈ మోకాళ్ల నొప్పులు తప్ప" అని సణిగేది. సణుగుతూనే మళ్లీ గింజలు పోసేది.

నారాయణప్ప అంజినప్పకు చిన్ననాటి నేస్తం. అతని గొర్రెలు పలకల కింద గడ్డి మేసి బతుకుతాయి. సర్టిఫికెట్ పని అయ్యేదాకా మందను ఇటు తోలనని నిన్ననే మాటిచ్చాడు.

"మాట ఇచ్చినావు కదా మామా" అంది మంజుశ్రీ.

అతను తల దించుకున్నాడు. "తప్పించుకొని వచ్చినాయి పాపా. నా గొర్రెలే మేసినాయి, కాదనను. కానీ కంపను అవి తొయ్యలేదు. తోసింటే లోపలికి పడుంటాది. ఎవురో లాగి పక్కన పెట్టినారు."

"ఇంకెవురు లాగుతారు? నువ్వే."

నారాయణప్ప భుజం మీది కంబళి తీసి దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. గొర్రెలు కాసేవాళ్లలో కంబళి మీద అబద్ధపు ఒట్టు ఎవరూ వెయ్యరు. అది ఆమెకూ తెలుసు.

"నీ కంబళి నీ కాడే పెట్టుకో" అనేసి వచ్చేసింది.

నమ్మించి గొంతు కోశాడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయిన మనిషి. ఎంత తలుచుకుంటే అంత మండిపోయింది ఆమెకు.

విలేజ్ అకౌంటెంట్ వచ్చాడు. మోడు కాడలు చూసి పాపం అన్నాడు. పాపంతో సర్టిఫికెట్ రాదు. రంగనాథ సారుకు ఫోన్ చేస్తే పై మూడూ కొట్టెయ్యమన్నాడు. ఇంక మిగిలింది అడుగున రాసినదే.

సాయంత్రం పలకలు కడిగే పని నుంచి వచ్చి అంజినప్ప సంగతి విన్నాడు. నారాయణప్ప ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. ఓబక్క మాత్రం ఏమీ అనలేదు. కోడి వచ్చి నాలుగు గింజలు పొడిచినా దాని యజమాని ఏడు తరాలను తిట్టిపోసే నోరు అది. ఆ రోజు ఆ నోరు లేవలేదు. ఎడమచేత్తో గరిటె పట్టుకుని అందరికీ వడ్డించింది.

అప్పుడు చూసింది మంజుశ్రీ. అమ్మ కుడి అరచెయ్యి వాచి ఉంది.

"ఏమైందిమా?"

"పొయ్యిలోకి జాలిపుల్లలు ఇరుస్తాంటే గుచ్చుకుండాది. ఏం కాదులే."

మంజుశ్రీ పిన్నీసు తెచ్చి మంట మీద కాల్చింది. అమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఎట్లాగూ నర్సువి అవుతావు కదా. మొదట నాకే వైద్యం చెయ్యి" అంది ఓబక్క, నవ్వబోయి.

పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది మంజుశ్రీకి. ఈ లోకంలో నన్ను మోసం చెయ్యనిది నువ్వొక్కదానివే అని అమ్మతో చెబుతూ, కళ్లు తుడుచుకుంటూ, వాచిన చోట మెల్లగా నొక్కింది.

పిన్నీసు కొనకు తగులుకుని, మూడేళ్లుగా చేను తొక్కని అమ్మ అరచేతిలోంచి బయటికొచ్చింది వంకర రేగుముల్లు.