అన్నం ఉడికేంతసేపు

ఆరేళ్లుగా కన్నడ రచయిత్రి పంకజమ్మగారి కథల మీద థీసిస్ రాస్తున్నాను. రేపు సబ్మిట్ చేయాలనగా అనుమానం పట్టుకుని, లండన్ శివారు స్టాన్‌మోర్‌లో కూతురింట్లో ఉంటున్న ఆవిడ దగ్గరికి వెళ్లాను.

“మీ కథలన్నీ నాలుగు పేజీలే ఎందుకమ్మా?”

“అన్నం ఉడికేలోపల అన్నే అయ్యేవి తల్లీ,” అన్నారు బళ్లారి తెలుగులో.

నేనేమో అది శిల్పమని మూడు అధ్యాయాలు రాశాను.

“మరి నలభయ్యేళ్లుగా రాయలేదేం?” ఆ మౌనం నిరసన అంటుంది నా చివరి అధ్యాయం.

“ఇంట్లోకి కుక్కర్ వచ్చె. మూడు విజిల్స్‌లో ఏం రాస్తావు, చెప్పు?”

కేంబ్రిడ్జ్‌లో మా ఇల్లు చేరేసరికి ఒళ్లు పులిసిపోయింది. థీసిస్ తెరవలేదు. కుక్కర్ పక్కకు నెట్టి, గిన్నెలో ఎసరు పెట్టి, ఎప్పుడో కథలు రాసుకున్న నోట్‌బుక్ తీశాను.

“డిన్నర్‌కి హౌ లాంగ్, మమ్?” అంది మా అమ్మాయి సాత్విక.

“నాలుగు పేజీలు పడుతుంది.”