కళ్ళజోడు

"మా అన్నని చంపేశావు కదే!"

క్యాజువాలిటీలో అతను సెలైన్ స్టాండు ఎత్తి అద్దాల తలుపు మీద కొట్టాడు. నేలంతా గాజు పెంకులే. అడ్డం వచ్చిన సెక్యూరిటీ గార్డుని డొక్కలో తన్ని, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మీదికి వచ్చాడు.

ఆమె పారిపోలేదు. కళ్ళజోడు తీసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుంది. అప్పుడు చెంప మీద దెబ్బ పడింది. ఆ వెంటనే ఇంకొకటి. పెదవి చిట్లి తెల్లకోటు మీద రక్తం కారింది.

"తీసుకొచ్చేసరికే మీ అన్నకి ఊపిరి లేదు బాబూ. కూర్చోండి," అంది, గొంతు పెంచకుండా.

అతను ఆ గాజు పెంకుల్లోనే కూలబడి బావురుమన్నాడు.

అంతా సద్దుమణిగాక సూపరింటెండెంటు తన గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏం నిగ్రహమమ్మా! అంతా మీ ధ్యానం మహిమ. వచ్చే వారం మన లేడీ డాక్టర్లందరికీ మనశ్శాంతి మీద క్లాసు మీరే చెప్పాలి."

ఆమె తలూపింది.

హెడ్ నర్సు ఆమె పెదవికి కుట్లు వేసింది. దారం కత్తిరించాక నెమ్మదిగా అంది.

"వాడు చెయ్యెత్తకముందే కళ్ళజోడు తీసేశారు. అది ధ్యానంలో నేర్పరు కదమ్మా."

డాక్టరమ్మ తల దించుకుంది.

నర్సు జుట్టు వెనక్కి తోసి చెవి చూపించింది. తమ్మె రెండుగా చీలిపోయి ఉంది.

"మా ఆయన దగ్గర ముందే కమ్మలు తీసెయ్యడం నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నా."