కదలని బొమ్మ

మధ్యాహ్నం మూడయినా తెర మీద బొమ్మ కదల్లేదు. ఆరో నంబరు మంచం, పక్కన ఊపిరి మిషన్, మంచం మీద అక్క. అన్నీ ఫొటోలో బిగించినట్టు ఉన్నాయి.

"ఏమయ్యా తీగల డాక్టరూ, ఇంకా ఎంతసేపు?" సర్వర్ గది తలుపు దగ్గర్నుంచి హెడ్ నర్సు అడిగింది. ఆసుపత్రి నెట్‌వర్క్ చూసే అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఇవాళ మాత్రం ఆ పిలుపులో వేళాకోళం లేదు.

"చూస్తున్నానండీ," అన్నాడతను.

గొడవంతా ఆదివారం మొదలైంది. సర్వర్‌ని నడిపే అసలు ప్రోగ్రాం, కెర్నెల్, కొత్తది వేశారు. ఆసుపత్రికి ఉన్న ఇంటర్నెట్ లైను ఒక్కటే. బిల్లులూ, స్కాన్లూ, వరండాలో జనం చూసే సినిమాలూ అన్నీ అందులోంచే పోవాలి. డాక్టర్ల వీడియో వస్తే మిగతావన్నీ పక్కకి తప్పుకోవాలని అతనే ఒక రూలు రాసిపెట్టాడు. కొత్త కెర్నెల్ వచ్చాక ఆ రూలు ఎక్కడం మానేసింది. ఆ రూలు నడవడానికి కెర్నెల్‌కి తగిలించాల్సిన చిన్న ప్రోగ్రాం ఒకటుంది, ఎక్కించబోతే 'అలాంటి మాడ్యూల్ లేదు' అని ఒకటే ముక్క. ఇంకేముంది, ఎవరి గోల వాళ్ళది. సినిమాలు ఆడుతున్నాయి, వీడియో ఆగిపోయింది.

అవతల వేరే ఊళ్ళో పెద్ద డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఇక్కడి డాక్టర్లు పరీక్ష చేస్తుంటే ఆయన వార్డు కెమెరాలోంచే అక్కను చూడాలి. ఫోన్లో చూపిస్తే చెల్లదట. నాలుగు దాటితే ఆయన లేచి వెళ్ళిపోతాడు.

బావ వచ్చాడు. అక్క మేడమెట్ల మీంచి పడిన రోజు వేసుకున్న చొక్కాయే ఇంకా ఒంటి మీద ఉంది.

"ఏరా, అవుతుందా?"

"అంతుబట్టట్లేదు బావా."

"ఆయన చూస్తే గానీ వీళ్ళు అడుగు ముందుకెయ్యరు. దాన్ని ఇంకా ఎంతసేపు అలా ఉంచుతాంరా?"

అతను తెర మీది అక్క వంక చూశాడు. చిన్నప్పుడు అన్నం వదిలేస్తే వీపు విమానం మోత మోగించిన అక్క. తలచుకుంటే ఏడుపు రావాలి. రాలేదు. మూడు రోజులుగా ఏమీ రావడం లేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ఇంతలో సూపరింటెండెంట్ ఊడిపడ్డాడు.

"పాతదానికే వెళ్ళిపోవయ్యా! బాగున్నదాన్ని కెలుక్కోవడం ఎందుకు, ఇప్పుడు తల పట్టుకోవడం ఎందుకు?"

"పాత కెర్నెల్‌కి వెళ్తే స్కాన్ల సర్వర్ పడిపోతుంది సార్."

"పోనీ బయట్నుంచి ఎవరినైనా పిలవనా?"

"వాళ్ళకి ఇది అర్థమయ్యేసరికే తెల్లారుతుంది సార్."

అది నిజమే. ఆయన తలుపు వైపు తిరిగాడు. "సొంత అక్క. నీకు వేరే చెప్పాలా," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అతను మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు. మళ్ళీ అదే ముక్క. అలాంటి మాడ్యూల్ లేదు.

నాలుగయింది. స్పీకర్లోంచి పెద్ద డాక్టరు గొంతు తెగుతూ తెగుతూ వచ్చింది. "ఇవాళ్టికి... కాదు... రేపు పొద్దున... పదింటికి."

బావ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి, అతని భుజం తట్టాడు.

"పోనీలేరా. చేతనైనంత చేశావు. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"రేపటికి సరిచేస్తా బావా."

బావ వార్డులోకి వెళ్ళాడు. అతను తలుపు గడియ పెట్టి వచ్చి, ఒక్క కమాండు కొట్టాడు. బొమ్మ కదిలింది. దుప్పటి కింద అక్క గుండెలు పైకి లేచాయి, కిందికి దిగాయి.

రెండు నిమిషాలు కళ్ళార్పకుండా చూసి, పొద్దున తొమ్మిదింటికే దొరికిన ఆ మాడ్యూల్‌ని మళ్ళీ తన చేత్తోనే తీసేశాడు, ఎందుకంటే ఆ పెద్ద డాక్టరు ఒక్కసారి చూసి 'మెదడు ఆగిపోయింది' అని సంతకం పెట్టేస్తే, అక్క ఊపిరి మిషన్ ఆపేస్తారు.