బుట్ట మూత

“చెయ్యెత్తు మౌసీ, అందరూ ఎత్తారు,” అన్నాడు ఛైర్మన్.

ఒడిశాలోని బరంపురంలో మత్స్య సలహా బోర్డు సమావేశం. కొత్తగా ఎంపికైన, రేవులో చేపలమ్మే దానమ్మ చేతులు కట్టుకు కూర్చుంది. పక్కన పాత సభ్యురాలు వాసవీకుమారి చెయ్యి అలవాటుగా అప్పటికే లేచింది.

“దేనికి బాబూ?” అంది దానమ్మ.

“తీర్మానానికి. అదంతా చదువుతూ కూచుంటే పొద్దుపోతుంది. బోర్డులో ఆడవాళ్లుండాలనేగా మిమ్మల్నిద్దర్నీ వేసుకున్నాం!”

“మా రేవు ఏలంలో సెయ్యెత్తితే సరుకు కొన్నట్టే. బుట్ట మూత తియ్యకుండా నానెత్తను.”

“ఇది చేపల వేలం కాదు.”

“కుళ్లిన సేపలైతే కాకులకేస్తాం బాబూ. ఇది కుళ్లిందైతే మా వోళ్లంతా తినాల.”

ఛైర్మన్ విసుగ్గా వాసవి వైపు చూశాడు. ఇన్నేళ్లుగా తను ఏమేం కొనేసిందో వాసవికే తెలీదు.

చెయ్యి దించేసింది.

“చదవండి,” అంది.