తెగిన పోగుకు జత

అన్యాయం జరిగినది ఎవరికి? నాగలక్ష్మమ్మకు. ఏ విధంగా? చెప్పవలసిన మాట సగంలో ఉండగానే ఆమె నోరు మూయించారు.

1974లో, అనంతపురంలో ఎమ్మెస్సీ మౌఖిక పరీక్ష. తెగిన డి.ఎన్.ఎ. పోగు తన జతను ఎట్లా గుర్తుపడుతుందని పరీక్షకుడు ఈశ్వరప్ప అడిగాడు. ఏదో ఒక ప్రోటీను దానిని పట్టుకొని వెతికిస్తూ ఉండాలనీ, ధర్మవరం నేతలో పాత పడుగుకు కొత్త పడుగు అతికేవాళ్లు పోగు పోగునూ పట్టి చూడరా అనీ ఆమె మొదలుపెట్టింది. ఇది కాలేజా, మగ్గం గుంటా అని ఆయన నవ్వి, ఆ ఏడు ఆమెను ఫెయిల్ చేశాడు.

పదేళ్లు ఆమె కాన్వెంటు బడిలో సైన్సు చెప్పింది. ఈలోగా ఆ ప్రోటీను ఉన్నదని లోకం ఒప్పుకుంది.

ఇప్పుడు అదే గది. తేలవలసినది ఒక డిగ్రీ. ఆమె ఎదుట ఈశ్వరప్ప కొడుకు రామదాసు, అరచేతుల్లో చెమటతో.

"అమ్మా, మా నాయన చేసింది తప్పే," అన్నాడు మెల్లగా.

"ఆయన నవ్వు నీకు రాలేదు, సంతోషం. ఈడ దయా వద్దు, పగా వద్దప్పా. పాఠమే కావాల."

ఆమె బళ్లో చెప్పినట్లే చెప్పింది. రెక్-ఎ అనే ఆ ప్రోటీను ఒంటి పోగును నిలువునా కప్పుతుందనీ, సాగదీసి బిగువుగా నిలబెడుతుందనీ, జంట పోగు పక్కకు చేర్చి వరుస సరిపోతుందా అని తాకి చూస్తుందనీ వివరించింది. రామదాసు తల దించుకొని విన్నాడు.

ఇక చాలునని అతను గొణిగితే ఆమె ఒప్పుకోలేదు.

"జత కుదరకపోతే ఏమవుతాదనేది మిగిలుండాది. ఆ పొద్దు మీ నాయన నన్ను ఆపింది ఆడనే."

"చెప్పండమ్మా."

"వదిలేస్తాది. కోపం లేదు, మొగమాటం లేదు. ఇంకోచోట పెట్టి చూస్తాది. కుదిరిన చోట పాత పోగును పక్కకు జరిపి దీన్ని కూర్చోబెడతాది. పోగు యాడనుంచి వచ్చిందో దానికి అక్కరలేదు."

రామదాసు తల ఎత్తాడు.

"మా నాయన బాకీ తీరిందా అమ్మా?"

నాగలక్ష్మమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మాట పూర్తిగా విన్నావు. తీరింది, ఏమీ మిగల్లేదు."

పరీక్షకుడు రామదాసు, పదేళ్లకు మళ్లీ పరీక్షకు వచ్చిన ఆమెను పాస్ చేశాడు.